గవ్వ సంతానం

27వ ఏడు, 112వ రోజు

ఈ ఉదయం గిడ్డంగిలో బియ్యం బస్తాలన్నీ తిరగేశాను. ఎలుకలు కొరికినవి రెండే. మూడేళ్ళ కిందట ఇదే వారంలో ఇరవై ఆరు బస్తాలు పోయాయి. పిల్లులు పని చేస్తున్నాయి, అందులో అనుమానం లేదు. కానీ ఈ గిడ్డంగికి పది పిల్లులు చాలు. ఇవాళ నేను ఊరంతా తిరిగి లెక్కపెడితే డెబ్భై ఒకటి తేలాయి. కుక్కలు పంతొమ్మిది.

ఊరంటే నలభై తెప్పలు. గొలుసులతో ఒకదానికొకటి బిగించి కట్టుకున్నవి. ఆరువందల మందిమి ఉంటున్నాం. నీళ్ళు తేటగా ఉన్న రోజున చివరి తెప్ప అంచున నిలబడితే అడుగున రేపల్లె వాటర్ ట్యాంకు పైకప్పు కనబడుతుంది. తెప్పలెక్కిన ఏడాదిని ఒకటో ఏడుగా లెక్కేసుకుంటున్నాం. అప్పటికి నాకు ముప్ఫై నాలుగేళ్ళు.

ఎక్కేటప్పుడు పడవ వాళ్ళు జంతువుల్ని చెవులు చూసి మరీ రానిచ్చారు. చెవి కొస కత్తిరించి ఉంటే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినట్టు. అలాంటి కుక్కలు పదకొండు వచ్చాయి. మిగతావి ఒడ్డున ఉండిపోయాయి. ఆ పదకొండింటిలో ఏడింటి చెవులు కత్తిరించింది నేనే. డాక్టర్ జుబేదా గారు ఆపరేషన్ పూర్తి చేసి గ్లవ్స్ తీస్తూ, "ఊఁ, సలోమీ" అనేవారు. అప్పుడు నేను కత్తెర తీసుకునేదాన్ని. తొమ్మిదేళ్ళు ఆమె దగ్గర అసిస్టెంటుగా చేశాను.

ఆ కుక్కలు ఎంత నెమ్మదిగా ఉండేవో. ఒకదాన్ని చూసి ఒకటి మొరగడం కూడా మానుకున్నాయి. పొద్దున్నే తెప్పల మధ్య వంతెనల మీద ఎండలో పడుకునేవి, మేం దాటుకుంటూ పోయేవాళ్ళం. చివరిది పద్నాలుగో ఏట ముసలితనంతో పోయింది. ఆ తర్వాత పదేళ్ళు ఈ ఊళ్ళో తోక ఉన్న ప్రాణి అంటే ఎలుకే. ఎలుకల బాధ పడలేక మూడేళ్ళ కిందట బియ్యం ఓడ వాళ్ళని అడిగి రెండు పిల్లుల్ని, నాలుగు కుక్కల్ని తెప్పించుకున్నాం.

వాటి చెవులు చూడాలని ఎవరికీ తోచలేదు. నాకు తోచింది. కానీ పిల్లిపిల్లల్ని చూసి ఎన్నాళ్ళయిందోనని నోరు మూసుకున్నాను. ఇది గిడ్డంగి లెక్కల పుస్తకం, ఇలాంటివి రాయకూడదు. అయినా నిజం కాబట్టి రాస్తున్నాను.

27వ ఏడు, 115వ రోజు

బాతుల తెప్పలో పంతొమ్మిది బాతుపిల్లలు పోయాయి. పిల్లులు తినేశాయి. పిల్లుల్ని అని ఏం లాభం, ఎలుకలు అయిపోయాయి, చేపల పేగులు డెబ్భై నోళ్ళకు చాలవు. అదే రోజు మధ్యాహ్నం ఎదకొచ్చిన ఆడకుక్క కోసం ఐదు మగకుక్కలు పదకొండో వంతెన మీద కొట్లాడుకున్నాయి. మధ్యలో చిక్కుకున్న ఆరేళ్ళ పిల్ల పిక్క చీరుకుపోయింది. మా నర్సు హైమవతి తొమ్మిది కుట్లు వేసింది.

సాయంత్రం పెద్దతెప్ప మీద అందరం కూర్చున్నాం. మా ఊరి పెద్ద సైదారావు. చేపల వేటలో ఎడమ చేతి రెండు వేళ్ళు పోగొట్టుకున్న మనిషి. తక్కువ మాట్లాడతాడు.

"బియ్యం ఓడ యాభై రోజుల్లో వస్తంది. తిరిగిపోయేటప్పుడు వీటన్నిటినీ ఎక్కిచ్చుకుపోయి ఉప్పుదిబ్బ మీద దింపమని చెప్తా. అంతకంటే దారి లేదు" అన్నాడు.

"ఉప్పుదిబ్బ మీద తాగటానికి నీళ్ళెక్కడియ్యి?" అన్నాను నేను.

సైదారావు తన కాళ్ళ దగ్గర పడుకున్న ఎర్రకుక్క వైపు చూశాడు. దాని పేరు పగడం. ఓడ మీద వచ్చిన మొదటి నాలుగింటిలో ఒకటి. "నా పగడాన్ని కూడా ఎక్కిస్తా సలోమక్కా. ఊళ్ళో వాళ్ళయ్యి పంపిచ్చి నాది ఉంచుకుంటానా?" అన్నాడు.

అప్పుడు నేను లేచి చెప్పాను. పిల్లల్ని పుట్టించే శక్తి తీసేస్తే ఈ కొట్లాటలుండవు, ఈ లెక్క ఇక పెరగదు, ఉన్నవి వాటి బతుకు అవి బతికి పోతాయి అని. నేల మీద మేం తొమ్మిదేళ్ళలో నాలుగువేల ప్రాణులకు చేశామని. అందరూ నా వైపు విచిత్రంగా చూశారు. సగం మంది తెప్పల మీద పుట్టినవాళ్ళు. అలాంటి పని ఒకటుంటుందని వాళ్ళు విననే లేదు.

"మగకుక్కని కోస్తే ఇంక అది కాపలా ఏం కాస్తది?" అన్నాడొకడు.

"నీ గొంతు కోస్తే నువ్వు అరవలేవు గానీ, అది దేంతో అరుస్తదో నీకు తెలవదా?" అన్నాను. అందరూ నవ్వారు. ఒక్క తులశమ్మ తప్ప.

తులశమ్మ మా పక్క తెప్ప. నా ఈడుదే. నేల మీద మాది ఒకటే వీధి. ఓడ మీద వచ్చిన రెండు పిల్లుల్లో ఆడదాన్ని పెంచింది ఆమే. తెల్లగా, వీపు మీద గోధుమరంగు మచ్చలతో ఉంటుంది, గవ్వ అని పేరు పెట్టుకుంది. ఊళ్ళో మిగతా పిల్లులన్నీ ఆ గవ్వ సంతానమే.

"ఆడపుట్టక పుట్టినదాని కడుపు కోసి తీసి పారేస్తావా సలోమీ? అది నిన్నేం చేసింది? పాపం కాదా?" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

సైదారావే తేల్చాడు. "ఓడొచ్చిందాకా టైమిస్తన్నా అక్కా. అప్పటికి సగమన్నా అయితే ఏదీ ఎక్కదు. లేకపోతే అన్నీ ఎక్కుతయ్యి."

27వ ఏడు, 118వ రోజు

మత్తుమందు హైమ దగ్గరుంది. మనుషులకు దాచిన దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. గడువు దాటినవి, పారేయడానికి మనసొప్పక అడుగున దాచినవి నలభై సీసాలున్నాయి. వాటిని ఇచ్చింది. పని చేస్తాయో లేదో తెలియదు. జంతువు పడుకుంటే పని చేసినట్టు.

దానికంటే పెద్ద చిక్కు నా చేతులు. రెండేళ్ళుగా వణుకుతున్నాయి. గరిటెతో పులుసు వంచితే పొయ్యి చుట్టూ పడుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని హైమకు మాత్రమే చెప్పాను. నేను డాక్టర్ని కాదు. మగవాటికి చేయడం జుబేదా గారు నేర్పారు, కొన్ని వందలు చేశాను. ఆడవాటికి ఎప్పుడూ చేయలేదు. పక్కన నిలబడి చూశాను, అంతే.

"ఎన్ని చూశావు పెద్దమ్మా?" అంది హైమ.

"రెండువేలు పైనే."

"అయితే నువ్వు చెప్పు, నేను చేస్తా. నా చేతులు బానే ఉన్నయ్ గా" అంది.

ఇరవై నాలుగేళ్ళ పిల్ల. తెప్ప మీద పుట్టింది, నేలను చూడలేదు. మట్టి మీద నడిస్తే అడుగు ఊగదట కదా, కళ్ళు తిరగవా అని ఒకసారి నన్ను అడిగింది.

27వ ఏడు, 124వ రోజు

ఎనిమిది మగపిల్లులు, మూడు మగకుక్కలు అయ్యాయి. ఒక్కోటి పావుగంట కూడా పట్టలేదు. వల అల్లే సన్న నైలాన్ దారాన్ని మరగబెట్టి వాడుతున్నాం. చెవి కొస కత్తిరించేటప్పుడు మాత్రం కత్తెర నేనే పడుతున్నాను. అంతమాత్రం వణుకు ఫరవాలేదు.

ఆరువారాల దాకా వీటిని ఆడవాటితో కలవనివ్వొద్దని ఇంటింటికీ తిరిగి చెప్పాను. ఆపరేషన్ అయిన మరునాటి నుంచే మగతనం పోయిందనుకుంటారు జనం. పోదు, కొన్నాళ్ళు పడుతుంది. నేల మీద కూడా ఈ ఒక్క మాట చెప్పీ చెప్పీ మా గొంతులు పోయేవి.

అప్పట్లో మేం ఆపరేషన్ల క్యాంపులు పెట్టేది మున్సిపల్ స్కూలు వరండాలో. ఆదివారాలు. బెంచీలు కలిపి మీద రెగ్జిన్ పరిచేవాళ్ళం. తెల్లారేసరికి ఆడవాళ్ళు నైలాన్ సంచులకు చిల్లులు పొడిచి, అందులో పిల్లుల్ని పెట్టుకుని గేటు దగ్గర వరస కట్టేవాళ్ళు. ఆటోల్లో కుక్కలొచ్చేవి. స్పిరిట్ వాసన, తడి గోనెల వాసన, గోడ అవతల పునుగులు వేగుతున్న వాసన. మత్తు దిగుతున్న కుక్కల్ని గోనెల మీద వరసగా పడుకోబెడితే, ముందు తోక లేచేది, తర్వాత తల లేచేది. వానొస్తే గ్రౌండులోంచి మట్టివాసన లోపలికి కొట్టేది. జుబేదా గారు సూది ఆపి, ఒక్కసారి గట్టిగా పీల్చుకుని, మళ్ళీ కుట్టు మొదలుపెట్టేవారు.

హైమ అడిగింది, మట్టివాసన ఎట్టా ఉంటదని. చాలా ఆలోచించాను. చెప్పలేకపోయాను.

27వ ఏడు, 129వ రోజు

హైమ ఐదు రోజులుగా సొరచేప తోలు మీద కుట్లు సాధన చేస్తోంది. రేపు మొదటి ఆడపిల్లి. తులశమ్మ తనంతట తానే గవ్వను తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. నేను అడగలేదు.

"నీ మీద నమ్మకం లేక కాదు సలోమీ ఆ రోజు అట్టా అన్నది. ఇది ఈనీ ఈనీ చిక్కిపోయింది. ఉప్పుదిబ్బకి పోయే దానికంటే ఇదే నయంగదా" అంది. గవ్వ వెన్ను మీద చెయ్యి వేస్తే ఒక్కో ఎముకా వేలికి తగిలింది.

27వ ఏడు, 130వ రోజు

గవ్వ చనిపోయింది.

27వ ఏడు, 131వ రోజు

నిన్న రాయలేకపోయాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మందు పాతది. సరిపోయిందనే అనుకున్నాం. పొట్ట తెరవడం బాగానే జరిగింది. కుడివైపు అండాశయం కట్టేసి తీశాం. ఎడమవైపు దారం బిగిస్తుండగా గవ్వకు మత్తు వదిలింది, ఒక్కసారి వెనక్కాళ్ళు తన్నింది. ముడి జారింది. రక్తం పొంగింది. ఎక్కడ పట్టుకోవాలో నాకు తెలుసు, జుబేదా గారు పట్టుకోవడం చూశాను. కానీ నోటితో చెప్పేలోపు ఆలస్యమైంది. "లోపలికి, వెన్ను వైపుకి" అంటున్నాను, హైమకు అర్థం కాలేదు. నేను చెయ్యి పెట్టాను. నా వేళ్ళు వణికాయి.

తులశమ్మ బయట బల్ల మీద కూర్చుని ఉంది. బట్టలో చుట్టి ఇచ్చాను. తిట్టి ఉంటే బాగుండేది. బట్ట మూట ఒళ్ళో పెట్టుకుని, పొట్ట దగ్గర నిమురుకుంటూ, అలాగే లేచి వెళ్ళిపోయింది.

హైమ తన తెప్పలోకి పోయి తలుపేసుకుంది. ఊళ్ళో వాళ్ళు వాళ్ళ ఆడపిల్లుల్ని పట్టుకుపోయారు. ఓడకు ఇంకా ముప్ఫై నాలుగు రోజులు.

27వ ఏడు, 139వ రోజు

ఎనిమిది రోజులుగా ఎవరూ రాలేదు. బస్తాలు తిరగేస్తున్నాను. మగపిల్లులు మాత్రం మారాయి. కొట్లాటలు సగానికి తగ్గాయి, చీరుకుపోయిన మొహాలు మానుతున్నాయి. ఆకలి మటుకు ఎక్కువైంది, కాస్త తక్కువ పెట్టమని యజమానులకు చెబితే వింటున్నారు. ఈ సంగతి మీటింగులో చెప్పాలని లేచాను. తులశమ్మ కూర్చుని ఉండటం చూసి మళ్ళీ కూర్చుండిపోయాను.

జుబేదా గారి చేతుల్లో కూడా ప్రాణాలు పోయాయి. మొదటి ఏడాదిలో మూడు. ప్రతిసారీ ఆ ఇంటికి ఆమే స్వయంగా వెళ్ళేవారు, నన్ను పంపేవారు కాదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, నేల మీద కూర్చుని, తప్పు నాది అని చెప్పేవారు.

ఇవాళ నేను తులశమ్మ తెప్పకు వెళ్ళాను. చాప మీద కూర్చున్నాను. "తప్పు నాది తులశమ్మా, మందు ఎంత పట్టుద్దో ఇంకోసారి చూసుకోవాల్సింది" అన్నాను.

ఆమె వల బాగుచేస్తోంది. తలెత్తలేదు. "మంచినీళ్ళు తాగి పో" అంది. తాగి వచ్చాను.

27వ ఏడు, 144వ రోజు

తెల్లవారగానే సైదారావు భార్య ఆదెమ్మ వచ్చింది. పగడం రెండు రోజులుగా అన్నం ముట్టలేదట, నీళ్ళు మాత్రం కుండలు కుండలు తాగుతోందట. మా ఊళ్ళో మనిషికి రోజుకు మూడు చెంబులే మంచినీళ్ళు. ఆదెమ్మ తన వంతు కూడా దానికే పోస్తోంది.

వెళ్ళి చూశాను. పొట్ట డప్పులా ఉబ్బి ఉంది. తోక ఎత్తి చూస్తే చీము. నెలన్నర కిందట ఎదకు వచ్చి పోయిందని ఆదెమ్మ చెప్పింది. ఇంకేం అడగక్కరలేకపోయింది. ఈ జబ్బుతో మా క్యాంపుకు ఎన్ని వచ్చాయో లెక్కలేదు. గర్భసంచి చీముతో నిండిపోతుంది. పిల్లల్ని కన్నా, కనకపోయినా, ఆపరేషన్ చేయించని ఆడకుక్కకు వయసు మీద పడేకొద్దీ ఎప్పుడైనా రావచ్చు. సంచి తీసేస్తే బతుకుతుంది, పగిలితే పోతుంది.

సైదారావుకు అదే చెప్పాను.

"గవ్వకి చేసిన పనే గదా ఇదీ?" అన్నాడు.

"అదే పని. ఇంకాస్త కష్టం కూడా. దానికి జబ్బు లేదు, దీనికి ఉంది."

"చెయ్యకపోతే?"

"రెండు రోజులు. మూడో రోజు ఉండదు."

"ముందే చేసుంటే ఇది వచ్చేది కాదా అక్కా?"

"సంచి లేకపోతే చీము ఎక్కడ పడుతది సైదారావూ?"

అతను వంగి పగడం తల కింద చెయ్యి పెట్టాడు. మూడు వేళ్ళ చెయ్యి. "ఎత్తుకొస్తా పద" అన్నాడు.

హైమ తలుపు తియ్యనంది. నా వల్ల కాదు పెద్దమ్మా, ఇంకోటి నా చేతుల్లో పోతే నేను మనుషులకు కూడా సూది వెయ్యలేను అంది లోపలి నుంచి. తలుపుకి ఇవతల కూర్చుని చెప్పాను. జుబేదా గారి చేతుల్లో పోయిన ఆ మూడింటి గురించి చెప్పాను. నాలుగోది ఎలా బతికిందో చెప్పాను. ఆ పిల్లి మా అమ్మదేనని, ఆపరేషన్ తర్వాత ఎనిమిదేళ్ళు బతికిందని, చివరికి పళ్ళు రాలిపోయి అన్నం పిసికి పెడితే తినేదని చెప్పాను. ఎప్పుడు తలుపు తెరుచుకుందో చూసుకోలేదు. హైమ చేతులు కడుక్కుంటోంది.

ఈసారి ఒక సీసా బదులు రెండు సిద్ధంగా పెట్టుకున్నాం. ఆదెమ్మ పగడం కంటి రెప్ప తాకుతూ కూర్చుంది, కదిలితే వెంటనే చెప్పడానికి. మిట్టమధ్యాహ్నం ఎండ, మీద పాత తెరచాప. నేను ఏదీ ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని మాటలతోనే చేయించాను. ఎక్కడ వేలు పెట్టాలో ముందే చెప్పాను, ఏది ఎప్పుడు జారుతుందో ముందే చెప్పాను. గర్భసంచి బయటికి వచ్చింది. వేలు లావు ఉండాల్సింది నా ముంజేయంత ఉంది, పల్చబడి నిగనిగలాడుతోంది, గోరు తగిలితే పగిలేలా.

"నెమ్మదిగా ఎత్తు. పసిబిడ్డను ఎత్తినట్టు. కట్టు. ఇంకోటి కట్టు. మూడోది కూడా. లాగి చూడు."

"జారలా."

"అయితే కొయ్యి."

బయట సైదారావు నిలబడలేక వంతెన మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. తెప్ప చిన్నగా ఊగుతోంది. హైమ ఆ ఊపుతో పాటే చెయ్యి ఊపుతూ కుట్టింది. నేల మీద పుట్టిన మాకెవరికీ అది చేతకాదు.

27వ ఏడు, 147వ రోజు

పగడం లేచింది. గంజి తాగింది. కుట్లు నాకకుండా ప్లాస్టిక్ డబ్బా కత్తిరించి మెడకు తొడిగాం. అది తొడుక్కుని గోడలకు గుద్దుకుంటూ ఊరంతా తిరిగింది. సైదారావు దాని వెనకే తిరిగాడు. ఎవరు ఎదురొచ్చినా ఆపి కుట్టు చూపిస్తున్నాడు.

మీటింగుల్లో నేను మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఈ తిరుగుడంత పని చేయలేదు.

27వ ఏడు, 148వ రోజు

పొద్దున తలుపు తీస్తే బుట్టలు, సంచులు, తాడు కట్టిన కుక్కలు. వరస వంతెన దాకా ఉంది. ఒక్క క్షణం ఆ స్కూలు వరండా కళ్ళ ముందు నిలిచింది. కళ్ళు తుడుచుకుని లోపలికి పోయి నీళ్ళు పొయ్యి మీద పెట్టాను.

వరసలో చివర తులశమ్మ. చేతిలో ఆర్నెల్ల ఆడపిల్లి. తెలుపు మీద గోధుమ మచ్చలు. గవ్వ కూతురు.

"దీనికి ఇంకా ఎద రాలా. ముందే చేస్తే మంచిదంట గదా, ఆదెమ్మ చెప్పింది" అంది. నా వైపు చూడలేదు. హైమ వైపు చూసింది. "నువ్వు చెయ్యి తల్లీ. నేను ఈడే కూర్చుంటా."

హైమ ఆ ఆపరేషన్‌కు నలభై నిమిషాలు తీసుకుంది. అయ్యాక బయటికి వచ్చి తులశమ్మ పక్కన కూర్చుంది. తులశమ్మ హైమ తల మీద చెయ్యి వేసింది.

27వ ఏడు, 165వ రోజు

ఓడ వచ్చింది. బియ్యం, ఉప్పు, మందులు దింపింది. యాభై నాలుగు పిల్లులు, పద్నాలుగు కుక్కలు అయ్యాయని సైదారావు ఓడ వాళ్ళకు చెప్పాడు. గవ్వ తర్వాత ఏదీ పోలేదు. ఉప్పుదిబ్బ ఊసు ఎవరూ ఎత్తలేదు. ముందు ముందు గిడ్డంగికి పిల్లుల కొరత రాకుండా ఒక మగపిల్లిని, రెండు ఆడవాటిని మాత్రం అలాగే ఉంచుదామని, వాటికి పుట్టేవి ఏ తెప్పకు పోవాలో పుట్టకముందే తేల్చుకోవాలని నేను చెప్పాను, అందరూ ఒప్పుకున్నారు.

ఓడ వాళ్ళు హైమను అడిగారు. దక్షిణాన ఇంకో తెప్పల ఊళ్ళో కుక్కల్ని చంపేస్తున్నారట, నెల రోజులు వచ్చి నేర్పగలదా అని. హైమ నా వైపు చూసింది. పో అన్నాను. సాయంత్రమే ఓడతో వెళ్ళింది. ఓడ మెట్లెక్కుతూ, ఆ ఊరు పక్కన కాస్త నేల తేలి ఉంటుందట పెద్దమ్మా, వాన పడితే వాసన చూసొస్తా అని కేకేసింది.

28వ ఏడు, 71వ రోజు

బాతుల తెప్పలో ఈ ఏడాది పిల్లలన్నీ దక్కాయి. కుక్క కరిచినవాళ్ళు ఎవరూ లేరు.

సాయంత్రం తులశమ్మ పిలిస్తే వెళ్ళాను. ఆ చిన్నపిల్లి ఇప్పుడు ఒళ్ళు చేసి, నున్నగా, ఆమె ఒళ్ళో నిద్రపోతోంది. ఇద్దరం మా పాత వీధి గురించి మాట్లాడుకున్నాం. మూలమీద కిరాణా కొట్టు, మధ్యాహ్నాలు ఐసు బండి గంట, కాలవగట్టు మీద తుమ్మచెట్లు. ఎంత బాగుండేవో ఆ రోజులు అన్నాను.

తులశమ్మ చప్పున అడిగింది. "గవ్వ మూడేళ్ళలో ఎన్ని ఈతలు ఈనిందో తెలుసా?"

"ఏడో ఎనిమిదో."

"ఎనిమిది. అందులో పెంచటానికి జనం తీసుకుపోయినయ్యి పోను మిగిలినయ్యి ఏమైనయ్యని నువ్వెప్పుడన్నా అడిగావా? ఎవరన్నా అడిగారా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"కళ్ళు తెరవకముందే మూతకుండలో పెట్టి నేనే నీళ్ళల్లోకి దింపేదాన్ని. తిండి లేక చచ్చేదానికంటే నయమని. ఇరవై రెండు. ప్రతిసారీ అది మూడు రోజులు ఊరంతా తిరిగి ఎతుక్కునేది. నా కాళ్ళ చుట్టూ తిరిగి నన్నే అడిగేది. నిన్ను పట్టుకుని పాపం అన్నాను సలోమీ. ఏ నోటితో అన్నానో."

ఆమె ఏడవడం లేదు. ఆ మాట ఎన్నాళ్ళ నుంచో నోటిదాకా వచ్చి ఆగుతున్నట్టుంది.

అప్పుడు నేనూ చెప్పాను, ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పనిది. ఆ కాలవగట్టు తుమ్మచెట్ల కిందికి, తొమ్మిదేళ్ళప్పుడు, మా నాన్న ఇస్తే గోనెసంచి మోసుకుపోయాను. అందులో ఐదు కుక్కపిల్లలు. సంచి అక్కడ దింపి, వెనక్కి చూడకుండా పరిగెత్తాను. వాటి కుయ్ కుయ్ మలుపు దాకా వినబడింది. పెద్దయ్యాక జుబేదా గారి దగ్గర పనికి మనిషి కావాలంటే జీతం ఎంతని కూడా అడగకుండా చేరాను.

తులశమ్మ వింది. పిల్లిని మెల్లగా ఎత్తి, నిద్ర చెడకుండా, నా ఒళ్ళో పెట్టింది. అది ఒకసారి కళ్ళు సగం తెరిచి, నన్ను చూసి, మళ్ళీ మూసుకుంది. పొట్ట మీద చెయ్యి వేస్తే బొచ్చు కింద సన్నగా కుట్టు గీత తగిలింది.

"ఇది ఎవర్నీ ఎతుక్కోదు" అంది తులశమ్మ. "ఇట్టానే పడుకుని ముసలిదవుద్ది."